3018 సీఎన్‌సీ రూటర్: ఇంట్లో పెట్టుకునే చిన్న మెషీన్ ఏది కొనాలి, దేనికి పనికొస్తుంది

బల్ల మీద పెట్టుకుని నేమ్ ప్లేట్లు, చిన్న సర్క్యూట్ బోర్డులు, దేవుడి పటాలకి ఫ్రేములు కోసుకుందామని సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ కోసే మెషీన్) కోసం వెతికితే ముందు వరసలో వచ్చేది 3018. టేబుల్ 300 × 180 మి.మీ. ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. స్పిండిల్, అంటే కోసే బిట్టుని తిప్పే మోటారు, పైకీ కిందికీ కదిలే ఎత్తు సుమారు 45 మి.మీ. మొత్తం బరువు ఏడెనిమిది కిలోలు. ఒక మనిషి ఎత్తి అటక మీద పెట్టేయొచ్చు. ఇదే పేరుతో చాలా రకాలు అమ్ముతున్నారు. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి, పనిలో మాత్రం ఒకేలా ఉండవు.

తీర్పు ముందే చెప్పేస్తాం. చెక్క, ఎండీఎఫ్, సన్‌బోర్డ్, అక్రిలిక్ మీద చిన్న పనులకి 3018 సరిపోతుంది. కాకపోతే లిమిట్ స్విచ్‌లు (కదలిక చివరికి చేరిందని బోర్డుకి చెప్పేవి), ఎమర్జెన్సీ స్టాప్ ఉన్న రకమే తీసుకోవాలి. లేజర్ కలిపి అమ్మే కాంబో వద్దు. పెద్ద టేబుల్ కోసం అదనంగా డబ్బు పెట్టే ఆలోచన ఉంటే, ఆ డబ్బు గట్టి ఫ్రేముకి, మంచి స్పిండిల్‌కి పెట్టండి. గ్రానైట్ కోయాలనుకుంటే ఈ తరగతి వైపు చూడకండి.

పెట్టెలో ఏముంటుందో చూద్దాం. ఎక్స్, వై దిశల్లో 10 మి.మీ. నున్నటి ఉక్కు కడ్డీలు, వాటి మీద జారే ఎల్‌ఎం10 బేరింగులు, కొలిచినట్టు అడుగడుగుగా తిరిగే మూడు నేమా 17 స్టెప్పర్ మోటార్లు, టీ8 లీడ్ స్క్రూలు, స్పిండిల్‌గా 24 వోల్టుల 775 డీసీ మోటారు, దాని ముక్కుకి బిట్టుని పట్టే ఈఆర్11 కొలెట్, 24 వోల్టులు 5 ఆంపియర్ల అడాప్టరు, జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే కంట్రోలర్ బోర్డు. బిగించుకోవడానికి ఒక పూట పడుతుంది. పక్కపలకలు కొన్ని రకాల్లో బేకలైట్, కొన్నిట్లో అల్యూమినియం. అల్యూమినియం ఉన్నదే మేలు. బేకలైట్‌లో బోల్టు కొంచెం ఎక్కువ బిగిస్తే బెజ్జం చుట్టూ పగులు వస్తుంది, తక్కువ బిగిస్తే నెలలోపే వదులవుతుంది. జెన్‌మిట్సు 3018 ప్రోవర్ లాంటి వాటిలో లిమిట్ స్విచ్‌లు, ఎమర్జెన్సీ స్టాప్, చెక్క పైభాగం ఎత్తు పట్టే జెడ్ ప్రోబ్ కలిసే వస్తాయి. మామూలు 3018 ప్రోలో ఇవేవీ ఉండవు.

అడాప్టరు మొత్తం బలం 24 × 5, అంటే 120 వాట్లు. మూడు స్టెప్పర్లు, స్పిండిల్, బోర్డు అన్నీ అందులోంచే తినాలి. స్పిండిల్‌కి మిగిలేది ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. వీడియోల్లో 3018తో అల్యూమినియం కోస్తున్నట్టు చూపిస్తారు. నిజమే, కోస్తుంది, ఒక్కో సారికి 0.05 నుంచి 0.1 మి.మీ. లోతున. 3 మి.మీ. రేకులో ఒక రంధ్రం తెరవడానికి ఎన్ని చుట్లు తిరగాలో లెక్క వేసుకుంటే ఆ ముచ్చట అక్కడితో తీరిపోతుంది.

దుకాణంలోనో, ముందే కొన్న వాళ్ళ ఇంట్లోనో మెషీన్ చేతికి దొరికితే ఒక పరీక్ష చేయండి. కరెంటు పెట్టి స్టెప్పర్లు పట్టులో ఉండగా స్పిండిల్ ముక్కుని బొటనవేలితో అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ నెట్టాలి. కంటికి కనిపించేంత కదిలితే ఆ మెషీన్ చెక్కలో వేసే గుండ్రం గుండ్రంగా రాదు. ఈ తరగతిలో వదులు ఎక్కువగా జెడ్, అంటే పైకీ కిందికీ కదిలే భాగం దగ్గరే ఉంటుంది. స్పిండిల్ పట్టే ప్లాస్టిక్ ముక్క, దాని వెనక సన్న కడ్డీలు, ఇత్తడి నట్టు, ఈ మూడూ చూడాలి. నట్టుకి వదులు రాకుండా పట్టే, స్ప్రింగుతో కూడిన యాంటీ బ్యాక్‌లాష్ జత ఉందో లేదో అడగండి. టేబుల్ ఎంత పెద్దదో అడిగేవాళ్ళే ఎక్కువ గానీ, ఈ నట్టు గురించి అడిగేవాళ్ళు కనపడరు.

బిట్టు బిగించడంలో కొత్తవాళ్ళు దాదాపు అందరూ ఒకచోట తప్పుతారు. కొలెట్‌ని ముందు నట్టులోకి 'టిక్' మనేలా నొక్కి కూర్చోబెట్టాలి, తర్వాత నట్టుని స్పిండిల్ మీదికి ఎక్కించాలి, అప్పుడు బిట్టు పెట్టాలి. కొలెట్‌ని స్పిండిల్‌లో వేసి పైన నట్టు బిగిస్తే బిట్టు కేంద్రం తప్పి తిరుగుతుంది. 1 మి.మీ. బిట్టు 1.2 మి.మీ. గాడి కోస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

ఏ చెక్కకి ఎంత వేగం

లెక్క సులువు. నిమిషానికి చుట్లు × బిట్టు పళ్ళు × ఒక్కో పన్ను తీసే పొట్టు మందం. 775 మోటారు బరువు మీద 9,000 తిరుగుతుందనుకుంటే, రెండు పళ్ళ బిట్టుతో, పన్నుకి 0.03 మి.మీ. చొప్పున 540 మి.మీ. వస్తుంది. ఎండీఎఫ్‌కి 500–600 మి.మీ. వేగం, 0.5 మి.మీ. లోతు. టేకుకి 350–400, లోతు 0.3. వేపలో పీచు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది కాబట్టి 300 దగ్గర మొదలుపెట్టండి. నల్లతుమ్మ జోలికి ఈ మెషీన్‌తో పోకపోవడం మంచిది. అక్రిలిక్‌కి ఒకే పన్నున్న బిట్టు, 350 మి.మీ., 0.3 లోతు. సర్క్యూట్ బోర్డుకి 20 లేదా 30 డిగ్రీల వీ బిట్టు (మొన వీ ఆకారంలో ఉండేది), 150–200 మి.మీ. వేగం, 0.05–0.1 లోతు.

భయపడి వేగం బాగా తగ్గించేస్తారు చాలామంది. అప్పుడు బిట్టు కోయడం మానేసి రాసుకుంటుంది, వేడెక్కుతుంది, టేకులో అంచు నల్లగా కాలుతుంది, అక్రిలిక్ కరిగి బిట్టుకి ముద్దగా చుట్టుకుంటుంది. పొట్టు పిండిలా మెత్తగా వస్తోందంటే వేగం పెంచాలి, చిన్న చిన్న రేకుల్లా వస్తోందంటే సరిగ్గా ఉన్నట్టు. మోటారు మూలిగినట్టు శబ్దం మారితే లోతు తగ్గించాలి గానీ వేగం తగ్గించకూడదు. అక్రిలిక్ కొనేటప్పుడు 'కాస్ట్' షీటా, 'ఎక్స్‌ట్రూడెడ్' షీటా అని అడగండి. రెండోది చౌక, కానీ తొందరగా కరుగుతుంది.

నేర్చుకోవడానికి బోర్డులు రాసే వాళ్ళ దగ్గర మిగిలే సన్‌బోర్డ్ ముక్కలు బాగుంటాయి. మెత్తన, చౌక, బిట్టు విరగదు. అదే సన్‌బోర్డ్‌ని లేజర్‌తో మాత్రం ఎన్నడూ కాల్చకూడదు. అది పీవీసీ. కాలితే క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులతో పాటు మెషీన్ ఇనుమూ పాడవుతుంది.

ఇంకోమాట. టింబర్ డిపోలో మిగులు ముక్కలు ఏరుకోవచ్చు, తప్పులేదు. ఎవరైనా ఎర్రచందనం ముక్క తెచ్చి దీని మీద బొమ్మ చెక్కమంటే, ముక్క ఎంత చిన్నదైనా, కాగితాలు లేకపోతే వద్దనండి.

తెలుగు అక్షరాల పని

ఇక్కడ మనవాళ్ళు కొనే మెషీన్ల మీద ఎక్కువగా నడిచేది నేమ్ ప్లేటే, అదీ తెలుగులో. ఇంగ్లీషు అక్షరాలకి చేసిన సాఫ్ట్‌వేర్‌తో తెలుగు దగ్గర చిక్కులొస్తాయి. ఈజిల్ లాంటి సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోవచ్చు, గుణింతాలు పక్కకి జరగొచ్చు. కాబట్టి టైపు చేయడం ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లో చేయండి. 'లక్ష్మీ నిలయం' అనే మాటనే తీసుకోండి. క కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు, పైన గుడిదీర్ఘం. ఇంక్‌స్కేప్ దీన్ని సరిగ్గా కూర్చి చూపిస్తుంది. తర్వాత అక్షరాల్ని గీతలుగా మార్చే ఆబ్జెక్ట్ టు పాత్ చేయాలి. అంతటితో ఆగితే సగం పనే అయినట్టు. చాలా ఫాంట్లలో అక్షరం ఒక గీత, తలకట్టు ఇంకో గీత, వత్తు మరో గీత. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద నల్లగా కలిసిపోయి కనిపించినా మెషీన్‌కి అవి వేర్వేరు ఆకారాలు. అలాగే పంపితే తలకట్టు అక్షరంలోకి దూరిన చోట అడ్డంగా గాడి కోసేస్తుంది. అన్నిటినీ అన్‌గ్రూప్ చేసి, మొత్తం ఎంచుకుని యూనియన్ కొట్టాలి. ఆ తర్వాత ఔట్‌లైన్ వ్యూలో పెట్టి అక్షరాల లోపల గీతలేమైనా మిగిలాయేమో ఒకసారి తిప్పి చూసి అప్పుడు ఎస్‌వీజీగా దాచాలి.

డీటీపీ సెంటరులో చేయించుకొస్తే అది చాలాసార్లు అను ఫాంట్లలో కోరల్‌డ్రాలో ఉంటుంది. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. కర్వ్స్‌లోకి మార్చి ఇవ్వమని అక్కడే చెప్పి తెచ్చుకోండి.

ఫాంటు ఎంపిక కూడా బిట్టుని బట్టే ఉంటుంది. రామభద్ర లాంటి లావు ఫాంటు నేమ్ ప్లేటుకి నిండుగా ఉంటుంది. మండలి లాంటివి చిన్న సైజులో సన్నబడి కనపడకుండా పోతాయి. వీ బిట్టుతో చెక్కేటప్పుడు గీత వెడల్పు పెరిగిన కొద్దీ లోతు పెరుగుతుంది. 60 డిగ్రీల బిట్టుతో 3 మి.మీ. వెడల్పు గీతకి 2.6 మి.మీ. లోతు కావాలి, 6 మి.మీ. గీతకి 5.2. ఈ మెషీన్‌తో వచ్చే బిట్ల కాండం 3.175 మి.మీ. మాత్రమే. అంతకంటే వెడల్పు గీతల్ని వీ బిట్టు ఒక్క పోటులో తీయలేదు, మధ్యలో చదును బిట్టుతో ముందే ఖాళీ చేయాలి. అందుకే 3018 మీద తెలుగు అక్షరం గీత 3 మి.మీ. లోపు ఉండేలా సైజు పెట్టుకుంటే పని సాఫీగా సాగుతుంది. అక్షరం ఎత్తు 20 మి.మీ. కంటే తగ్గితే వత్తుల మధ్య చెక్క గోడ మరీ పలచబడి పెచ్చులూడుతుంది. రెండు వరసలుంటే పై వరస వత్తులూ కింది వరస గుడులూ కొట్టుకోకుండా మధ్యలో ధారాళంగా చోటు వదలాలి.

చెక్కిన అక్షరాలా, ఉబ్బెత్తు అక్షరాలా అన్నది ముందే తేల్చుకోవాలి. 250 × 120 ప్లేటు మీద చెక్కిన అక్షరాలకి గాడి మొత్తం పొడవు ఆరు మీటర్లుంటే, మూడు సార్లు తిరిగినా అరగంట దాటి కొంచెం పడుతుంది. అదే అక్షరాలు ఉబ్బెత్తుగా నిలబడాలంటే చుట్టూ ఉన్న చెక్కంతా తీసేయాలి. 3.175 బిట్టుతో వరసకి 1.27 మి.మీ. జరుపుకుంటూ పోతే 94 వరసలు, ఒక పొరకి 23 మీటర్ల పైన, 2 మి.మీ. లోతుకి 0.4 చొప్పున అయిదు పొరలు. నిమిషానికి 500 మి.మీ. అనుకుంటే నాలుగు గంటలు. ఎవరైనా ఆర్డరిస్తే ధర చెప్పేముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

వీ బిట్టుకి చెక్క మట్టంగా లేకపోతే అక్షరాలు ఒక పక్క లావుగా, ఇంకో పక్క సన్నగా వస్తాయి. 60 డిగ్రీల బిట్టుతో అర మి.మీ. ఎత్తు తేడా ఉంటే గీత వెడల్పులో 0.58 తేడా. దీనికి మందు స్పాయిల్‌బోర్డు. అల్యూమినియం టేబుల్ మీద 12 మి.మీ. ఎండీఎఫ్ పలక బిగించి దాన్ని ఆ మెషీన్‌తోనే చదును చేయాలి. 3.175 బిట్టుతో ముప్పావుగంట దాకా పడుతుంది, ఒక్కసారి చేస్తే చాలాకాలం వస్తుంది. వానాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఎండీఎఫ్ తేమకి ఉబ్బుతుంది కాబట్టి నవంబరు, డిసెంబరు దాటాక ఒక పల్చటి పొర మళ్ళీ తీయండి. చెక్కని పలకకి పట్టించడానికి క్లాంపులు అడ్డమొస్తే రెంటికీ మాస్కింగ్ టేపు అంటించి మధ్యలో ఫెవిక్విక్ చుక్కలు వేస్తే గట్టిగా పట్టుకుంటుంది, తీసేటప్పుడు మరక ఉండదు.

కరెంటు పోతే

నాలుగు గంటల పని మధ్యలో కరెంటు పోవడం మన దగ్గర వింతేమీ కాదు. జీఆర్‌బీఎల్‌కి ఎక్కడ ఆగిందో గుర్తుండదు. లిమిట్ స్విచ్‌లు ఉన్నదే కొనమని మొదట్లో అన్నది అందుకే. అమ్మేవాళ్ళు వాటిని టేబుల్ అంచుకి గుద్దుకోకుండా కాపాడేవిగా చెబుతారు. అసలు లాభం మధ్యలో ఆగిన పనిని మళ్ళీ అందుకోవడంలో ఉంది.

ఎలాగంటే, జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $22=1 పెట్టి హోమింగ్ వాడుకలోకి తెచ్చుకోవాలి. ప్రతి పనికీ ముందు $హెచ్ కొట్టి మెషీన్‌ని మూలకి పంపాలి. ఆ తర్వాత చెక్క మీద సున్నా స్థానం జి54లో పెట్టాలి, అంటే జి10 ఎల్20 పి1 కమాండుతో. ఇది బోర్డు మెమరీలో నిలిచిపోతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో జీరో బటన్ నొక్కితే జి92 వెళ్తుంది, అది కరెంటుతో పాటే పోతుంది. మీది ఏది పంపుతోందో కన్సోల్‌లో ఒకసారి చూసుకోండి. కరెంటు వచ్చాక మళ్ళీ $హెచ్. మామూలు సెట్టింగుల్లో ముందు జెడ్ పైకి లేస్తుంది కాబట్టి చెక్కలో ఇరుక్కున్న బిట్టు బయటికొచ్చేస్తుంది. ఆ తర్వాత జెడ్ ఎత్తులో ఉండగానే ఎక్స్0 వై0కి పంపి పాత గుర్తు మీదికే వచ్చిందా చూడాలి. వస్తే ఆగిన వరసకి కొంచెం ముందు నుంచి నడపాలి. ఫైలుని మెషీన్‌కి పంపే యూజీఎస్ సాఫ్ట్‌వేర్లో దీనికి ఒక ఏర్పాటు ఉంది. స్పిండిల్ తిరుగుతోందో లేదో చూసుకోకుండా నడిపితే బిట్టు పోయినట్టే. ఈ చౌక స్విచ్‌లు ప్రతిసారీ వెంట్రుకంత తేడాతో తగులుతాయి. నేమ్ ప్లేటుకి అది కనపడదు, సర్క్యూట్ బోర్డులో సన్న గీతలకి కనపడుతుంది. కాబట్టి బోర్డుల పని కరెంటు నిలకడగా ఉన్న వేళే పెట్టుకోండి.

600 వీఏ యూపీఎస్ మెషీన్‌నీ ల్యాప్‌టాప్‌నీ పావుగంట లోపు మోస్తుంది. ఆపుకోవడానికి చాలు, పూర్తి చేయడానికి చాలదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకా మేలు. 150 ఏహెచ్ బ్యాటరీ అయితే 200 వాట్ల భారాన్ని చాలాసేపు లాగుతుంది. ఇన్వర్టర్ వెనక మీట యూపీఎస్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే మారే క్షణంలో బోర్డు రీసెట్ అయ్యే అవకాశం ఉంది. బోరు మోటారు వేసినప్పుడల్లా లైట్లు మసకబారే లైన్ మీద నేరుగా పెట్టకండి.

పని మధ్యలో యూఎస్‌బీ తెగిపోవడం, లిమిట్ స్విచ్ తగలకుండానే తగిలినట్టు అలారం 1 వచ్చి ఆగిపోవడం ఇంకో తలనొప్పి. చాలావరకు ఎర్తింగ్ లేకపోవడమే కారణం. పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ తీగ ఉండదు. ముందు అది సరిచేయించండి. తర్వాత ఫెర్రైట్ గడ్డ ఉన్న పొట్టి యూఎస్‌బీ కేబుల్ వాడండి. స్పిండిల్ తీగల్నీ లిమిట్ స్విచ్ తీగల్నీ ఒకే కట్టగా కట్టకండి. ఆఫ్‌లైన్ కంట్రోలర్ వస్తే ల్యాప్‌టాప్ గొడవే ఉండదు, ఎస్‌డీ కార్డుతో నడుస్తుంది.

ఎండ, ఉప్పుగాలి

మే నెలలో రేకుల షెడ్డులో పెట్టి నడిపితే స్టెప్పర్ డ్రైవర్లు వేడికి తమంతట తామే ఆగి, చల్లారాక మళ్ళీ పని మొదలుపెడతాయి. ఈలోగా ఒక దిశలో కదలిక వెనకబడిపోతుంది. అక్షరాలు ఒకచోటి నుంచి మొత్తంగా పక్కకి జరిగి ఉంటే కారణం ఇదే అనుకోవచ్చు. హీట్‌సింకుల మీదికి చిన్న ఫ్యాను తిప్పండి. ప్రతిసారీ కొంచెం కొంచెంగా, ఒకే దిక్కుకి జరుగుతుంటే మాత్రం మోటారునీ లీడ్ స్క్రూనీ కలిపే కప్లింగ్ గ్రబ్ స్క్రూ జారుతున్నట్టు. దాన్ని నీలం రంగు లాక్‌టైట్ వేసి బిగించాలి. 775 మోటారు బ్రష్‌లది కాబట్టి గంటల తరబడి నడిపితే చేయి పెట్టలేనంత కాలుతుంది. ఉబ్బెత్తు పని పొరపొరకీ ఆపి చల్లారనివ్వండి.

కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో కడ్డీలకి తుప్పు తొందరగా పడుతుంది. కుట్టుమిషన్ ఆయిల్ గుడ్డతో పలచగా రాసి, పని లేనప్పుడు ప్లాస్టిక్ కవరు కప్పండి. నూనె ఎక్కువ పోస్తే చెక్కపొడి ముద్దకట్టి బేరింగుల్లో దూరుతుంది. ఎండీఎఫ్ పొడి పీల్చడం మంచిది కాదు, సర్క్యూట్ బోర్డు పొడిలో గాజు పీచు ఉంటుంది. ఎన్95 మాస్కు, వాక్యూమ్ క్లీనరు గొట్టం బిట్టు పక్కనే, రెండూ ఉండాలి.

సెట్టింగుల్లో మూడు

అన్నీ చెప్పక్కర్లేదు, ఎక్కువ బిట్లు విరగ్గొట్టేవి మూడే. లేజర్ వాడి $32=1 (లేజర్ మోడ్) అలాగే వదిలేస్తే, తర్వాత స్పిండిల్‌తో పని చేసేటప్పుడు ఖాళీగా జరిగే ప్రతిసారీ స్పిండిల్ ఆగుతుంది. మళ్ళీ వేగం అందుకోకముందే బిట్టు చెక్కలో దిగుతుంది. $30 విలువ మీ సాఫ్ట్‌వేర్లో పెట్టిన గరిష్ఠ చుట్లతో సరిపోవాలి. బోర్డులో 10000 ఉండి ఫైలులో ఎస్1000 ఉంటే మోటారు పదో వంతు బలంతో మూలుగుతూ నిలబడుతుంది. $1=255 పెడితే స్టెప్పర్లు పని మధ్యలో పట్టు వదలవు.

స్టెప్పుల లెక్క గురించి ఒక హెచ్చరిక. 100 మి.మీ. జరపమంటే 99.4 వచ్చిందని $100ని, అంటే ఎక్స్ దిశలో ఒక మి.మీ.కి వేసే స్టెప్పుల సంఖ్యని, 800 నుంచి 804.8కి మార్చమని వీడియోల్లో చెబుతారు. టీ8 స్క్రూ 100 మి.మీ.లో 0.6 మి.మీ. తప్పడం అరుదు. స్కేలుతో కొలిచిన తప్పో, నట్టులో వదులో అయి ఉంటుంది. ముందు ఒకే దిక్కు నుంచి వచ్చి రెండుసార్లు కొలవండి.

ఉదయగిరి గరిటెలు, చీమకుర్తి రాయి

ఉదయగిరి చెక్క చెంచాలు చూసి అలాంటివి దీని మీద తీద్దామనుకునేవాళ్ళున్నారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది, చేతి ఉలి నగిషీని ఈ మెషీన్ అందుకోలేదు. ఆకారం వరకు తీయొచ్చు. రెండు వైపులా కోయాలి కాబట్టి తిప్పే గీత మీద రెండు 6 మి.మీ. బెజ్జాలు వేసి, స్పాయిల్‌బోర్డులోకి చెక్క మేకులు దిగేలా పెట్టాలి. చెంచా చుట్టూ దాన్ని పలకకి పట్టి ఉంచే 3 మి.మీ. వెడల్పు టాబులు (కోయని వంతెనలు) నాలుగు వదలాలి, లేకపోతే చివరి చుట్టులో ఎగిరిపోతుంది. 3 మి.మీ. గుండు బిట్టుతో 0.3 జరుపుతూ 200 × 45 ముక్కకి ఫినిషింగ్ ఒక్కో వైపు 50 నిమిషాలు, ముందు మొరటు కోత వేరే. ముక్క మందం దగ్గర జాగ్రత్త. 45 మి.మీ. ఎత్తులో స్పాయిల్‌బోర్డు 12, చెక్క 20 పోతే మిగిలేది 13. బిట్టు అంతకంటే ఎక్కువ బయటికి ఉంటే చెక్క మీదుగా దాటలేదు. గరిటె గుంట 15 మి.మీ. చెక్కలో సరిపెట్టుకోవాలి.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మీద ఈ మెషీన్ చేయగలిగింది గీయడం మాత్రమే. స్పిండిల్ ఆపేసి, స్ప్రింగు ఉన్న డైమండ్ డ్రాగ్ బిట్టుతో పాలిషు నలుపు మీద గీస్తే తెల్లటి గీత పడుతుంది. పేర్లకీ బొమ్మలకీ అందంగానే ఉంటుంది. మార్కాపురం పలక మెత్తన కాబట్టి కార్బైడ్ వీ బిట్టుతో 0.1–0.2 లోతు దిగుతుంది. ఆ పొడిలో సిలికా ఉంటుంది, మాస్కు లేకుండా కూర్చోవద్దు.

ఇంకా పెద్దది కావాలంటే

4030, 4040 తరగతిలో టేబుల్ కంటే ముఖ్యమైనవి 300–500 వాట్ల స్పిండిల్, గట్టి అల్యూమినియం ఫ్రేము. టేకులో 1 మి.మీ. లోతు తీసుకుంటాయి, ఉబ్బెత్తు నేమ్ ప్లేటు గంటంపావులో తేలుతుంది. నెలకి పది పన్నెండు ప్లేట్లు అమ్మే ఆలోచన ఉంటే నేరుగా దీనికే వెళ్ళండి, 3018 కొని తర్వాత మార్చడం డబ్బు దండగ. 3018కే పెద్ద స్పిండిల్ తగిలిద్దామనుకుంటే 775కి చేసిన క్లాంపులో 52 మి.మీ. స్పిండిల్ పట్టదు, పట్టించినా సన్న కడ్డీలు బరువుకి వంగుతాయి. కార్పెంటర్లు వాడే ట్రిమ్మర్‌ని కొన్ని పెద్ద ఫ్రేములకి బిగించొచ్చు. మకిటా 3709 530 వాట్లు, 30,000 చుట్లు, వేగం మార్చే మీట లేదు. చెక్కకి బ్రహ్మాండం, అక్రిలిక్‌ని కరిగిస్తుంది, చప్పుడుకి పక్కింటివాళ్ళు తలుపు తడతారు. షేపర్ ఆరిజిన్ అని చేత్తో తోసే రకం ఒకటుంది. చెక్క మీద అంటించిన టేపుని కెమెరాతో చూసుకుంటూ బిట్టుని తనే గీత మీద నిలుపుతుంది. తలుపు మీదనే చెక్కాల్సిన వడ్రంగికి అది పనికొస్తుంది, సరదాకి కొనే ధర కాదు.

మామూలు 3018 ప్రో సుమారు పదిహేను, ఇరవై వేల దగ్గర దొరుకుతుంది, లిమిట్ స్విచ్‌లూ అల్యూమినియమూ ఉన్నవి ఇంకొంచెం పైన. దాంతోపాటు బిట్లు, మాస్కింగ్ టేపు, ఎండీఎఫ్, మాస్కులకి రెండు మూడు వేలు పక్కన పెట్టుకోండి. మెషీన్‌తో వచ్చే పది వీ బిట్లలో సగం తొలి వారంలోనే మొన విరుగుతాయి. మన దేశంలో స్టాకు పెట్టి జీఎస్టీ బిల్లు ఇచ్చే వాళ్ళ దగ్గరే కొనండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, దాని మీద ఐజీఎస్టీ కలిసి చౌక అనుకున్నది చౌకగా మిగలదు, విరిగిన పలకకి బదులు ఇచ్చేవాళ్ళూ ఉండరు. పెట్టె తెరిచేటప్పుడు ఫోనులో వీడియో తీస్తూ తెరవండి, కడ్డీల్ని అద్దం మీద దొర్లించి వంకర ఉందేమో అప్పుడే చూసేయండి.

విడిభాగాల్లో ఒక 775 మోటారు, రెండు కప్లింగులు, ఒక 3.175 కొలెట్, ఒక స్టెప్పర్ డ్రైవర్ ముందే తెచ్చి పెట్టుకోవాలి. నెల్లూరు వాళ్ళకి చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గర, అడాప్టర్లూ డ్రైవర్లూ చేత్తో చూసి తెచ్చుకోవచ్చు. ఒంగోలు వైపు వాళ్ళకి ఆన్‌లైనే సులువు. 775 మోటారు కొనేటప్పుడు ఇరుసు మందం 5 మి.మీ. అవునో కాదో కొలిచి తీసుకోండి, పాత కొలెట్ ముక్కు దాని మీదికే ఎక్కాలి.